అభ్యంతరం ఉన్నవాళ్లకే కుర్చీ

మా మునిసిపల్ ఆఫీసులో ఆమె అసలు పేరు కాగితాలకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరూ అభ్యంతరం అత్తయ్య అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది అటెండరు. విచారణ రోజున ఆయన పొద్దున్నే వరండాలో నిలబడి బస్టాపు వైపు చూసేవాడు. గొడుగు కనిపించగానే లోపలికి తిరిగి, "అత్తయ్యగారు దిగారండోయ్, ఇవాళ మనకు అన్నం మధ్యాహ్నం దాటాకే" అని కేకేసేవాడు.

ఆమె ఎండ లేకపోయినా గొడుగు తెచ్చేది. ఇస్త్రీ బట్టలు, భుజానికి చేతిసంచి, జుట్టు గట్టిగా వెనక్కి దువ్వి ముడి. పెళ్లికి వచ్చినంత శ్రద్ధగా వచ్చేది. విచారణ బల్ల ముందున్న కుర్చీలో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా పక్కవాళ్ల గొడవలు కూడా ఆసక్తిగా వినేది.

ఈ విచారణ ఏమిటో కొంచెం చెప్పాలి. ఎవరైనా తమ స్థలాన్ని రెండు ముక్కలో మూడు ముక్కలో చేసుకోవాలంటే మా ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ప్లాను గీయించాలి. ప్రతి ముక్కకూ రోడ్డు మీదికి దారి చూపించాలి. ఆ దారి ఇంత వెడల్పు ఉండాలనీ, ఏ ముక్కా ఇంతకన్నా చిన్నది కాకూడదనీ రూల్సు ఉన్నాయి. కాగితాలన్నీ సరిపోతే ఆ స్థలం గేటుకు నోటీసు అంటిస్తారు. వార్డులో ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా రాసివ్వచ్చు. రాసిచ్చినవాళ్లను ఆఫీసుకు పిలిచి, కుర్చీ వేసి, వాళ్లు రాసినదాన్ని వాళ్ల ముందే పైకి చదివి, చివర్లో "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని ఆఫీసరు అడగాలి. వాళ్లు చెప్పింది మినిట్సులో ఎక్కించాలి. ఇందులో ఎవరి దయాదాక్షిణ్యాలూ లేవు. అడగకపోతే ఆ విచారణే చెల్లదు.

ఆ మినిట్సు రాయడానికి నన్ను రోజుకూలీ మీద పెట్టుకున్నారు. ఆఫీసులో చదవడానికి రూల్సు పుస్తకం తప్ప మరొకటి దొరకదు కాబట్టి దాన్నే అట్ట నుంచి అట్ట దాకా చదివాను. రాసినవాడెవడో గానీ, మనుషులు ఒకరికొకరు ఎంత దూరంగా ఉండాలో అంగుళాలతో సహా రాశాడు. ఎంత దగ్గరగా ఉండాలో ఒక్క పేజీలోనూ రాయలేదు.

అత్తయ్య ప్రతి నోటీసుకూ అభ్యంతరం రాసేది. మురుగుకాలవ పొంగుతుందని ఒకదానికి. ఇసుక లారీలు తిరిగితే దుమ్ము లేస్తుందని ఒకదానికి. ఆ స్థలంలో చెట్టు కొట్టేస్తే పిట్టలు ఎక్కడికి పోవాలని ఇంకోదానికి. అప్పటి ఆఫీసరు రిటైరుమెంటు దగ్గరపడిన మనిషి. ఆయన ఓపిగ్గా అంతా చదివి, కళ్లజోడు తీసి, "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అమ్మా?" అనేవాడు. అప్పుడు ఆమె సర్దుకుని కూర్చునేది. కాలవ సంగతి రెండు మాటల్లో తేల్చేసి, తాను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన రోజుల్లోకి వెళ్లేది. ఒకసారి తుఫానులో లైన్లన్నీ పోతే ఒకే ఒక్క లైను మీద కాన్పు నొప్పులు పడుతున్న అమ్మాయినీ, ఎక్కడో ఉన్న మొగుణ్నీ ఎలా కలిపిందో చెప్పేది. నేను కలం ఆపి ఆఫీసరు వైపు చూసేవాణ్ని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "రాయవయ్యా, రాయి. చెప్పింది రాయాలని రూలు" అనేవాడు.

అలా ఒక స్థల విభజన ఫైలులో, పటాల వెనక, ఎవరో పరాయి అమ్మాయి కాన్పు ఇప్పటికీ ఉంది.

ఆమె అభ్యంతరం ఒక్కటీ నెగ్గలేదు. నెగ్గాలని ఆమెకూ లేదు. "పరిశీలించి తోసిపుచ్చడమైనది" అని ఆర్డరు చేతికిస్తే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుకునేది.

"తోసేశారా? మంచిది బాబూ. పాపం, వాళ్లు మాత్రం ఇల్లు కట్టుకోవద్దూ?"

"మరి ఎందుకు రాశారత్తయ్యా?"

"రాయకపోతే పిలుస్తారేమిటి?"

అటెండరు పక్కనుంచి, "ఊరికే రండి, టీ పోయిస్తాం" అన్నాడు ఒకసారి.

"ఊరికే వస్తే నువ్వే గేటు దగ్గర ఆపి పనేంటంటావు. నిన్నెరగనా?" అంది ఆమె. అందరం నవ్వాం. ఆమే అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

తర్వాత తర్వాత ఆమె సంగతులు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. కొన్ని మినిట్సులో రాసినవే. ఎక్స్ఛేంజీలో రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పరాయివాళ్ల గొంతులు కలపడం ఆమె పని. ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో, ఎవరు ఫోను పట్టుకుని మాట్లాడకుండా ఏడుస్తున్నారో ఆమెకు తెలిసేది. తర్వాత ఆ పని మిషన్లకు వెళ్లింది. ఆమెను పాత బిల్లుల గదికి పంపారు. అక్కడ ఇంకెవరూ లేరు. ఇంటికి వస్తే తల్లి. పక్షవాతంతో నోరు పడిపోయిన మనిషి. అన్నం కలిపి పెట్టడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నీ మాట లేకుండానే జరిగేవి. పెళ్లి ఊసు మొదట్లో ఎవరో ఎత్తారట. తర్వాత ఎత్తేవాళ్లు కూడా ఎత్తడం మానేశారు.

తల్లి ఉండగానే తమ్ముడు స్థలం పంచుకుందామన్నాడు. "నీకెందుకక్కా అంత జాగా, ఊడ్చుకోలేక చస్తావు" అన్నాడట. అతను చూపించిన చోటల్లా ఆమె సంతకం పెట్టింది. ఇంతకన్నా చిన్న ముక్క ఉండకూడదని రూల్సులో ఉంటుంది కదా, సరిగ్గా ఆ చిన్న ముక్క ఆమెకు మిగిలింది. ఒక్క అంగుళం ఎక్కువ లేదు. పాత ఇల్లు ఆమె వైపుకే వచ్చింది. ఇంటి బాత్రూం గోడ హద్దు దాటి జానెడు బయటికి ఉండటంతో, మధ్య గీత అక్కడ మాత్రం పక్కకు జరిగి, ఆ గోడను చుట్టి, మళ్లీ తిన్నగా వెళ్లింది. ఆ విభజనకూ నోటీసు అంటించారు. అది ఆమె చదివింది కూడా.

"అభ్యంతరం ఉన్నవాళ్లంటే పరాయివాళ్లేమో అనుకున్నా బాబూ. సొంత తమ్ముడి మీద అభ్యంతరమేంటి, వినడానికే బాగోదు" అంది.

తమ్ముడు తన ముక్కను బస్సు కండక్టరుకు అమ్మేసి ఊరు దాటిపోయాడు. కొన్నాళ్లు ఫోన్లు చేశాడు. తల్లి పోయాక, ఆ ఫోన్లు కూడా లేవు. అప్పుడే ఎదురు స్థలానికి ఒక నోటీసు వస్తే, కాలవ పొంగుతుందని ఆమె నిజంగానే భయపడి రాసింది. అదే మొదటిది. ఆఫీసుకు వచ్చి కూర్చుంటే ఆఫీసరు కళ్లజోడు తీసి, ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు. ఆ మాట తనను ఎవరైనా చివరిసారి ఎప్పుడడిగారో ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదట. ఇంటికి వెళ్లి ఆ రాత్రి అన్నం ఇష్టంగా తిన్నానని చెప్పింది.

కండక్టరు రిటైరై ఆ పక్క స్థలంలో ముందువైపు ఇల్లు కట్టుకున్నాడు. వెనక సగం ఖాళీ. ఇంటి పక్కగా ఒక గది కట్టి దర్జీ పని చేసే అమ్మాయికి అద్దెకిచ్చాడు. అమ్మాయి అంటే చిన్నదేం కాదు, ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు వ్యాను డ్రైవరు. ఆ గదికి కిటికీ లేదు. మధ్యాహ్నం పూట నల్ల గుడ్డ మీద నల్ల దారం కనిపించక, ఆ అమ్మాయి చేతికుట్టు పని పట్టుకుని అత్తయ్య వరండాలోకి వచ్చి కూర్చునేది. మొదట "కాసేపు వెలుగు కోసం అత్తయ్యా" అనేది. తర్వాత ఏమీ అనకుండానే వచ్చి కూర్చునేది. అత్తయ్య సూదుల్లో దారం ఎక్కించి పెట్టేది. ఆమె కళ్లకు సూది బెజ్జం ఆనేది కాదు. పది సూదులు పట్టుకుంటే ఒకటి ఎక్కేది.

"ఇలా అయితే నా పని తెల్లారినట్టే" అని ఆ అమ్మాయి సూది లాక్కునేది.

"ఉండవే, ఇదిగో ఎక్కుతోంది."

"ఎక్కేది దారం కాదు, మీ పంతం."

ఇలాంటి మాటలు మధ్యాహ్నమంతా నడిచేవి. ఆ రోజుల్లో అత్తయ్య మా ఆఫీసుకు రావడం తగ్గింది. మూడు నోటీసులు ఆమె అభ్యంతరం లేకుండానే వెళ్లిపోయాయి. "అత్తయ్యకు ఒంట్లో బాగుందో లేదో" అని అటెండరే నన్ను అడిగాడు.

బాగానే ఉంది. అదెలా తెలిసిందంటే, కండక్టరు తన వెనక సగం ఆ దర్జీ కుటుంబానికే అమ్మాలనుకుని, దానికి అత్తయ్య హద్దు పక్కనుంచి దారి చూపించి, విభజనకు దరఖాస్తు పెట్టాడు. నోటీసు అంటించడానికి జిగురు డబ్బా పట్టుకుని నేనే వెళ్లాను. పని ముగించి చూస్తే అత్తయ్య, దర్జీ అమ్మాయి, ఆమె మొగుడు ముగ్గురూ వెనక ఖాళీ స్థలంలో నిలబడి ఉన్నారు. డ్రైవరు బొగ్గుముక్కతో నేల మీద గదులు గీస్తున్నాడు. ఇది వంటిల్లు, ఇది మిషన్లు పెట్టే గది.

"మిషన్ల గది కిటికీ ఇటు పెట్టాలయ్యా" అంది అత్తయ్య, తన వంటింటి కిటికీ వైపు చూపిస్తూ. "కూర గిన్నె అందేంత దగ్గర్లో."

"మీకేంటి, వండి అందించేస్తారు. తిని చావాల్సింది మేమేగా" అన్నాడు డ్రైవరు. ఆమె అతని వీపు మీద ఒక్కటిచ్చింది. పరాయి మగవాణ్ని అలా కొట్టడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆమె మొహంలో సిగ్గు గానీ సంకోచం గానీ లేవు.

నన్ను చూడగానే దర్జీ అమ్మాయి భయపడింది. "సార్, ఈ వీధిలో కొందరికి మా మిషన్ల మోత గిట్టదు. ఎవరైనా అడ్డం రాస్తే ఆగిపోతుందా?"

"మోతకు ఆగదమ్మా. దారి, కొలతలు సరిగా ఉంటే చాలు" అన్నాను.

అత్తయ్య నా పక్కకు వచ్చింది. "బాబూ, వీళ్లు మంచివాళ్లని, వీళ్లకు ఇవ్వచ్చని నేను రాసిస్తే? నన్ను పిలుస్తారా?"

"దానికి విచారణ లేదత్తయ్యా. అభ్యంతరం ఉన్నవాళ్లనే పిలుస్తారు. ఎవరూ ఏమీ అనకపోతే అదే ఒప్పుకున్నట్టు. బల్ల మీదే సంతకమైపోతుంది."

"ఏమీ అనకపోవడం ఒప్పుకోవడమా?" అంది. "మా ఇంట్లో ఇన్నేళ్లు ఎవరూ ఏమీ అనలేదు నాయనా. అందులో ఒప్పుకోలు నాకెక్కడా కనిపించలేదు."

గడువు ముగుస్తుండగా టపాలో ఆమె కాగితం వచ్చింది. అటెండరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చాడు. "చూశావా? కడుపులో పెట్టుకుని చూసుకుంటోందనుకున్నాం. చివరికి పక్కింటి మీద కూడా వేసేసింది."

ఆమె లెక్క వేరు. ఆమె తర్వాత చెప్పినదాన్ని బట్టి, వీధిలో ఎవరో ఒకరు మిషన్ల మోత గురించి తప్పకుండా రాస్తారని ఆమె నమ్మింది. వాళ్లు ఆఫీసుకొచ్చి ఆ అమ్మాయి మీద నాలుగు మాటలు చెబితే, కాదని చెప్పేవాళ్లు అక్కడ ఒకరుండాలి. అక్కడ కూర్చోవాలంటే అభ్యంతరం రాయాలి. తన అభ్యంతరం ఏదీ ఎప్పుడూ ఎవరినీ ఆపలేదు. కాబట్టి ఎవరికీ హాని చేయనంత చిన్న సంగతి ఒకటి వెతికింది. కాలవనీ చెట్టునీ వదిలేసి, "వెనక ముక్కకు చూపించిన దారి నా బాత్రూం గోడ దగ్గర జానెడు తక్కువ ఉంది" అని రాసింది. జానెడుకు ఎవరు మాత్రం ఏం చేస్తారనుకుంది.

వీధిలో ఇంకెవరూ రాయలేదు. వచ్చిన అభ్యంతరం అదొక్కటే.

ఆ మధ్యలో పాత ఆఫీసరు దండలు వేయించుకుని వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినావిడ వయసులో చిన్నది, మాట తక్కువ. చెడ్డ మనిషి కాదు. లంచం పేరెత్తితే ఫైలు మూసేసేది. విచారణ రోజున కండక్టరు, డ్రైవరు, దర్జీ అమ్మాయి బల్లకు ఒక పక్క కూర్చున్నారు. అత్తయ్య తన కుర్చీలో కూర్చుంది. దర్జీ అమ్మాయి ఆమెను చూసి నవ్వింది. తమ కోసం వచ్చిందనే అనుకుంది, పాపం.

మేడం కాగితం తీసి పైకి చదివింది. చదువుతూ చదువుతూ ఆగి, ప్లాను విప్పింది.

"ఇక్కడ హద్దు తిన్నగా గీశారు. గోడ దగ్గర వంకర ఉందా?"

కండక్టరు ప్లాను గీసిన సర్వేయరు వంక చూశాడు. సర్వేయరు ప్లాను వంక చూశాడు. "పాత గోడలు మేడం... టేపు ముందూ వెనకా పట్టి మధ్యలో గీత కలిపేశాం" అన్నాడు.

"ఉందా, లేదా?"

అత్తయ్య కంగారుగా కుర్చీ అంచుకు జరిగింది. "అమ్మా, అది ఊరికే రాశానమ్మా. చూసీ చూడనట్టు తోసెయ్యండి. ఎప్పుడూ తోసేస్తారు. అసలు నేను చెప్పడానికొచ్చింది వేరే."

"అది నిజం కాదా అయితే?"

ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. రేపు టేపు పట్టుకుని ఎవరో ఒకరు వెళ్లేవాళ్లే. ఏమైనా ఆమె చెప్పలేదు. "గోడైతే ఉందమ్మా" అంది.

మేడం కాగితం పక్కన పెట్టి, రూలు ప్రకారం అడిగింది. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

అత్తయ్య చెప్పింది. ఆ అమ్మాయి ఎంత పనిమంతురాలో, పిల్లల్ని ఎంత పద్ధతిగా పెంచుతోందో, మొన్న తనకు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ ఎలా వేసిందో, మిషన్ల మోత ఒక మోతే కాదనీ, అది వినిపిస్తుంటేనే తనకు నిద్ర పడుతుందనీ. మేడం మధ్యలో ఆపలేదు. నేను రాస్తూనే ఉన్నాను. కానీ ఆ మాటల్లో ఏ ఒక్కటీ దారి వెడల్పును పెంచేది కాదు.

"నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటానమ్మా. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

"అభ్యంతరం వెనక్కి తీసుకోవచ్చు. గోడ వెనక్కి వెళ్లదు కదండీ" అంది మేడం. "దారి తక్కువుందని నాకు తెలియకపోతే సంతకం పెట్టేదాన్ని. ఇప్పుడు తెలిసింది."

"అయితే గోడ కొట్టించేస్తాను. ఆ జానెడు వాళ్లకే ఇచ్చేస్తాను. ఊరికే ఇస్తాను."

మేడం అత్తయ్య స్థలం ఫైలు కూడా తెప్పించింది. తమ్ముడు విడగొట్టిన పాత పటం బయటికొచ్చింది. మేడం కొలతలు చూసి తల అడ్డంగా ఆడించింది. "మీది ఇప్పటికే ఉండాల్సిన కనీస కొలత దగ్గర ఉంది. ఇందులోంచి వేలెడు తీసినా చెల్లదు."

"నా స్థలం నేనిస్తానంటే చెల్లదా?"

"ఎవరైనా మీతో బలవంతంగా రాయించుకుంటారేమోనని పెట్టిన రూలండీ ఇది. మీ రక్షణ కోసమే."

ఆమెకు రక్షణ అవసరమైన రోజున ఆ రూలు ఎక్కడుందో నేను అడగలేదు. అక్కడే ఉంది. తమ్ముడు దాన్ని చదువుకునే కత్తిరించాడు.

మినహాయింపు కావాలంటే పై బోర్డుకు రాసుకోవాలని, ఏడాది పట్టచ్చని, ఇస్తారన్న నమ్మకం లేదని మేడం చెప్పింది. దరఖాస్తు తిరస్కరించడమైనదని నా చేత రాయించింది. అత్తయ్య అభ్యంతరం నెగ్గడం అదే మొదటిసారి.

వరండాలోకి వచ్చాక కండక్టరు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "స్టాపు రాకముందే బెల్లు కొట్టేశావు కదమ్మా" అన్నాడు. అతనికి పెద్ద కోపం కూడా లేదు. స్థలం ఎవరికైనా అమ్ముకోవచ్చు.

దర్జీ అమ్మాయి మాత్రం మెట్ల మీదే ఆగిపోయింది. "ఎవరడిగారత్తయ్యా మిమ్మల్ని?"

"నీ గురించి నాలుగు మంచి మాటలు చెబుదామనేనే..."

"మంచి మాటలు చెప్పడానికి అభ్యంతరం రాస్తారా ఎవరైనా? నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే అయిపోయేది! ఆ మాట ఈ సారుగారే అన్నారు కదా, ఏమీ అనకపోతే చాలని!"

డ్రైవరు ఆమె చెయ్యి పట్టుకుని, "పదవే, పద" అన్నాడు. అత్తయ్య గొడుగు విప్పింది, మళ్లీ మూసింది. వాళ్లు వ్యాను ఎక్కుతుంటే తనూ రెండడుగులు వేసింది. పొద్దున అదే వ్యానులో కలిసి వచ్చారు. డ్రైవరు ఒక్క క్షణం తలుపు తెరిచే ఉంచాడు. లోపల్నుంచి ఏ మాటా రాలేదు. ఆమె బస్టాపుకు నడిచింది.

కొన్నాళ్లకు ఆ స్థలం మొత్తం ఇనుప సామాన్ల వ్యాపారి కొన్నాడు. ముక్కలు చేయని స్థలానికి నోటీసు ఉండదు. నోటీసు లేనిచోట అభ్యంతరం ఉండదు. కండక్టరు కట్టుకున్న ఇంటిని పడగొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు గోదాము లేపాడు. గోదాముకు కిటికీలు ఉండవు. అత్తయ్య వంటింటి కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో సున్నం కూడా వేయని గోడ. సామాను దింపే రోజున తప్ప అటువైపు చప్పుడు లేదు. ఆ తర్వాత వార్డులో ఎన్ని నోటీసులు అంటించినా ఆమె నుంచి కాగితం రాలేదు. ఒక విచారణ రోజున, ఎవరూ రాని బల్ల ముందు కూర్చుని, మేడమే నన్ను అడిగింది. "ఆవిడ రావడం లేదేం?"

దర్జీ కుటుంబం ఊరికి అటు చివర, రెండు బస్సులు మారాల్సినంత దూరంలో, మెట్ల కింద ఒక కొట్టు అద్దెకు తీసుకుంది. మా అక్క అక్కడే బట్టలు కుట్టించుకుంటుంది. ఒక సెలవు రోజు అక్క గౌను తెమ్మంటే వెళ్లాను. కొట్టులో ముక్కాలిపీట మీద అత్తయ్య కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి, "బాగున్నావా బాబూ? పర్మినెంటు చేశారా?" అంది. లేదన్నాను. "చేస్తారులే" అంది, చెయ్యరని ఇద్దరికీ తెలిసినట్టుగా.

ఆమె ఒళ్లో ఉన్న సంచిలోంచి దిండు గలీబులు తీసి బల్ల మీద పెట్టింది. "అంచులు ఊడిపోయాయమ్మా. పాతవి కదా."

దర్జీ అమ్మాయి ఒక గలీబు అందుకుని అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ తిప్పింది. నాక్కూడా కనిపించింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. దారం ఎక్కడా పట్టి లాగినట్టు లేదు. కుట్టు కుట్టుకూ మధ్య కత్తెర మొనతో ఎవరో శ్రద్ధగా విప్పారు. సూదిలో దారం ఎక్కించలేని కళ్లతో అంత పని చేయడానికి చాలాసేపు పట్టి ఉంటుంది.

ఆ అమ్మాయి మిషన్‌కు దారం ఎక్కించింది. గలీబులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మిషన్ మీద వేసి కుట్టింది. కుడుతున్నంతసేపూ అత్తయ్య గోడకు జారగిలబడి, కళ్లు మూసుకుని, మిషన్ చప్పుడు వింటూ కూర్చుంది. డ్రైవరు భోజనానికి వచ్చి, ఆమెను చూసి, "బాగున్నారా అత్తయ్యా" అనేసి లోపలికి వెళ్లాడు. బాగున్నానయ్యా అనేలోపు అతని వెనక గుమ్మం తెర పడింది.

పని అయిపోయింది. దర్జీ అమ్మాయి గలీబులు మడతపెట్టి ఇచ్చింది.

"రెండు వరసలు వేశాను. ఇంక ఊడదు" అంది. ఒక క్షణం ఆగి, "ఇంత దూరం మళ్లీ రానక్కర్లేదు" అంది.

ఆమె గొంతులో కోపముందో, జాలి ఉందో నేను చెప్పలేను. అత్తయ్య పై గలీబు విప్పి, బొటనవేలితో అంచంతా తడిమింది. ఎక్కడా సందు లేదు.

"గట్టిగా కుట్టావమ్మా" అంది. గలీబులు సంచిలో పెట్టుకుంది. గొడుగు తీసుకుంది. గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"వంటింటి కిటికీకి కర్టెన్లు కూడా ఉన్నాయి. అవీ పాతవైపోయాయి" అంది.

దర్జీ అమ్మాయి మా అక్క గౌను మిషన్ మీద వేసి తొక్కడం మొదలుపెట్టింది. అత్తయ్య ఆ చప్పుడు ఆగేదాకా గుమ్మంలోనే నిలబడింది.